హీత్ నేల మీద నాలుగు వలయాలు: పాత విమాన ఛాయాచిత్రాలతో నా అనుభవం

1946 ఏప్రిల్‌లో బ్రిటిష్ వాయుసేన విమానం నుంచి తీసిన ఆ నలుపు తెలుపు ఛాయాచిత్రంలో నాకు మొదట కనిపించినవి నాలుగు చుక్కలు. దాని స్కేలు సుమారు పదివేలకు ఒకటి కనుక కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద పది మీటర్లకు సమానం. భూతద్దం కింద పెట్టి చూసినప్పుడు ఆ చుక్కల అంచులు విడివడి, నాలుగూ నాలుగు చిన్న వలయాలుగా తేలాయి. చుట్టూ ఇళ్లు గానీ పొలాలు గానీ లేవు, ముదురు బూడిదరంగులో పరుచుకున్న బీడు నేల తప్ప. ఈ నాలుగు వలయాలు ఏమిటో చెప్పడానికి నాకు దాదాపు ఏడు నెలలు పట్టింది. అందులో మొదటి మూడు నెలలు నేను పూర్తి నమ్మకంతో తప్పు సమాధానం పట్టుకుని తిరిగాను.

నేను ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని సౌతాంప్టన్‌లో ఉంటాను, కంప్యూటర్ పటాలకు సంబంధించిన ఉద్యోగం చేస్తాను. ఊరికి పడమర దిక్కున న్యూ ఫారెస్ట్ మొదలవుతుంది. పేరులో అడవి ఉన్నా అందులో పెద్ద భాగం చెట్లు లేని హీత్ నేల. ఇసుక కలిసిన నిస్సారమైన నేల మీద మోకాలెత్తు హెదర్ పొదలు, ముళ్ల గోర్స్, పల్లపు చోట్ల బురద, వాటి మధ్య స్వేచ్ఛగా మేసే గుర్రాలు ఉంటాయి. 1079 ప్రాంతంలో మొదటి విలియం రాజు దీన్ని తన వేటకోసం ప్రత్యేకించుకున్నాడు, ఆ తరువాత కూడా ఈ హీత్‌లలో ఎక్కువ భాగం నాగలి ఎరుగదు. దున్నిన నేలలో పాత కట్టడం గుర్తులు చదునైపోయి, పైరు ఎదుగుదలలోని తేడాగా మాత్రమే ఆకాశం నుంచి తెలుస్తాయి. దున్నని హీత్‌లో మాత్రం నాలుగువేల ఏళ్ల కిందటి దిబ్బ ఇంకా దిబ్బగానే ఉంటుంది. చిక్కేమిటంటే, నిన్నగాక మొన్న ఎవరో తవ్వి వదిలేసిన గుంట కూడా దాని పక్కనే అంతే భద్రంగా ఉంటుంది.

పాత ఛాయాచిత్రాలను చదరపు కిలోమీటరు చొప్పున పరిశీలించి, గుర్తు తెలియని మట్టికట్టలను నమోదు చేసే పనికి స్వచ్ఛందంగా పేరు ఇచ్చాను. మాకు శిక్షణ ఇచ్చినది పదవీ విరమణ చేసిన ఒక సర్వేయరు గారు. ఆమె తొలి రోజు పాఠమంతా హీత్‌ల మీద ఏమేమి కనిపించవచ్చునో చెప్పడంతోనే సరిపోయింది. కంచుయుగపు సమాధి దిబ్బలు ఉంటాయి. కుందేళ్లను పెంచడానికి కట్టిన, తలగడల్లా పొడుగ్గా ఉండే మట్టి దిబ్బలు ఉంటాయి. హెదర్ పూసే కాలంలో తేనెపట్టు బుట్టలను తెచ్చి పెట్టి, పశువులు తన్నకుండా చుట్టూ గట్టు వేసిన చిన్న ఆవరణలు ఉంటాయి, వాటిని అక్కడివాళ్లు తేనెటీగల తోటలంటారు. సైనికుల గుడారాల చుట్టూ వాన నీరు పోవడానికి తీసిన గుండ్రటి కాలువలు, బాంబు గుంటలు కూడా ఉంటాయి. న్యూ ఫారెస్ట్‌లోని ఆష్లీ వాక్ అనే చోట రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల పరీక్షా క్షేత్రం నడిచింది, 22,000 పౌండ్ల గ్రాండ్ స్లామ్ బాంబును 1945 మార్చిలో అక్కడే వేసి చూశారు. వీటిలో సగానికి పైగా ఆకాశం నుంచి గుండ్రంగానే కనిపిస్తాయి.

దిబ్బల మీద నాకున్న ఆసక్తి ఇక్కడికి వచ్చాక పుట్టింది కాదు. మాది పాలమూరు వైపు. అక్కడి ఉట్నూరు బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వి, అది కొత్తరాతియుగపు పశుపాలకులు మందలను కట్టిన దొడ్డి అనీ, ఆ బూడిద పోగుపడి కాలిన పేడదనీ చూపించిన సంగతి చిన్నప్పుడే మా లెక్కల మాస్టారు చెప్పారు. అటువంటి దిబ్బల గురించి జనం చెప్పుకునే కథలు వేరు. హంపి దగ్గర నింబాపురంలోని బూడిద దిబ్బను వాలి చితి అంటారు. మన పల్లెల్లో పెద్ద రాతి సమాధులను రాక్షస గుళ్లంటారు. ఇంగ్లండ్‌లో ససెక్స్ కొండల మీద వరుసగా ఉన్న కంచుయుగపు సమాధి దిబ్బలకు దెయ్యం గెంతులు అనే అర్థం వచ్చే పేరుందని తెలిసినప్పుడు, మనుషులు ఎక్కడైనా మనుషులే అనిపించింది. ఈ పాత కుతూహలమే తరువాత నా తొందరపాటుకు కొంత కారణమైందని ఇప్పుడు అనుకుంటున్నాను.

మొదటి అవరోధం వెలుగు. ఇంగ్లండ్‌లో సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు. ఏడాది పొడుగునా మధ్యాహ్నం దక్షిణానే ఉంటాడు, డిసెంబరు చివరలో అయితే సౌతాంప్టన్ మధ్యాహ్న సూర్యుడు క్షితిజానికి పదహారు డిగ్రీల ఎత్తు దాటడు. వాలుగా పడే ఆ వెలుగువల్లనే జానెడు గట్టు కూడా నీడ వేస్తుంది, అందువల్ల ఈ పనికి చలికాలపు ఛాయాచిత్రం వరం. అయితే పటంలో లాగా ఉత్తరం పైకి ఉండేటట్టు చిత్రాన్ని పెడితే వెలుగు కింది వైపు నుంచి వచ్చినట్టు అవుతుంది. మన కన్ను వెలుగు పైనుంచే పడుతుందని నమ్మి లెక్క వేసుకుంటుంది కాబట్టి గట్టు కందకంగా, గుంట దిబ్బగా తిరగబడి కనిపిస్తాయి. నేను మొదటి వారం రాసుకున్న గమనికలన్నీ ఇలా తలకిందులైనవే. సర్వేయరు గారు వాటిని చూసి, ఏమీ అనకుండా నా చేతిలోని చిత్రాన్ని తీసుకుని, నీడలు నా వైపు పడేటట్టు తిప్పి బల్ల మీద పెట్టారు. కందకాలు అనుకున్నవి గట్టులుగా పైకి లేచాయి.

రెండో మెట్టు జంట చిత్రాలు. విమానం నేరుగా పోతూ తీసిన వరుసలో ప్రతి చిత్రమూ దాని తరువాతి చిత్రంతో సుమారు అరవై శాతం నేలను పంచుకుంటుంది. అటువంటి రెండు చిత్రాలను స్టీరియోస్కోపు అనే జంట కటకాల పరికరం కింద పక్కపక్కన పెట్టి కాసేపు ఓపిక పడితే, రెండు కళ్లకూ అందిన రెండు దృశ్యాలు కలిసిపోయి నేల ఎత్తుపల్లాలతో సహా లేచి నిలబడుతుంది. నా కళ్లకు అది సాధ్యం కావడానికి మూడు సాయంత్రాలు పట్టింది. సాధ్యమైన క్షణంలో పైన్ చెట్లు సూదుల్లా మొహం మీదికి వచ్చినట్టయి కుర్చీలో వెనక్కి జరిగాను. ఆ పరికరం కింద నాలుగు వలయాలలో ఒకటి మిగతావాటికన్నా స్పష్టంగా ఎత్తుగా కనిపించింది. దాన్ని కాగితం మీద రాసుకున్నాను గాని దానికి ఇవ్వవలసిన విలువ ఇవ్వలేదు.

తరువాత లైడార్ చూశాను. విమానం నుంచి నేల మీదికి లేజరు కిరణాలను పంపి, అవి తిరిగి వచ్చిన సమయాన్ని బట్టి ఎత్తులు కొలిచే పద్ధతి ఇది. ఇంగ్లండ్ పర్యావరణ సంస్థ తన లైడార్ కొలతలను 2015 నుంచి అందరికీ ఉచితంగా ఇస్తున్నది. పొదలను లెక్కలో తీసివేసి వట్టి నేలను మాత్రమే చూపే నమూనా మీద, కంప్యూటరులో మనకు కావలసిన దిక్కునుంచి కృత్రిమంగా సూర్యుణ్ణి ఉదయింపజేయవచ్చు. ఒకే దిక్కు వెలుగుతో చూస్తే, ఆ దిక్కుకు సమాంతరంగా పోయే గట్టు నీడ లేక మాయమవుతుంది. అందుకని ఎనిమిది దిక్కులనుంచి వెలుగు వేసి చూశాను. దట్టమైన గోర్స్ పొదలను ఈ లెక్క కొన్నిసార్లు దిబ్బలుగా మిగిల్చేస్తుందని కూడా అప్పుడే తెలిసింది. నా నాలుగు వలయాలు ఇప్పటికీ ఉన్నాయి. ఎత్తుగా ఉన్నది మీటరుకు పైగా లేచి, నడినెత్తిన చిన్న గుంటతో ఉంది. మిగతా మూడింటి గట్టులు ముప్పై నలభై సెంటీమీటర్లు మించవు, లోపల నేల చదునుగా, చుట్టుపక్కలకన్నా ఒక పిసరు పల్లంగా ఉంది. వ్యాసాలు ఒకటి పది మీటర్లకు దగ్గర, ఇంకొకటి ఎనిమిది, మరొకటి అయిదు.

ఇక్కడే నేను దారి తప్పాను. బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ అయిన ఆర్డినెన్స్ సర్వే పందొమ్మిదో శతాబ్దంలో వేసిన పటం తెరిస్తే, ఎత్తైన వలయం ఉన్నచోట సమాధి దిబ్బ అని పాతకాలపు అలంకార లిపిలో అచ్చయి ఉంది. ఆ పటాలలో ప్రాచీన అవశేషాలకు అటువంటి లిపి వాడేవారు. దిబ్బ నడుమ ఉన్న గుంటకు కూడా సమాధానం దొరికింది. పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాలలో నిధుల మీదో ప్రాచీన వస్తువుల మీదో మోజుతో పెద్దమనుషులు ఇలాంటి దిబ్బల నడినెత్తిన గొయ్యి తవ్వించేవారు. ఆ గొయ్యి వల్లనే మిల్లీమీటరంత బొమ్మలో నిండు దిబ్బ కూడా నాకు వలయంలా కనిపించింది. ఒకటి సమాధి అయినప్పుడు దాని పక్కనున్న మూడూ సమాధులే అయి ఉండాలనీ, అవి మరీ పొట్టిగా ఉన్నందువల్ల ఆనాటి సర్వేయర్ల కంట పడలేదనీ నిర్ణయించుకున్నాను. కంచుయుగపు సమాధులలో నడుమ పల్లంగా, అంచున గట్టుతో నీళ్లు లేని కుంటలా ఉండే రకం ఒకటి ఈ దక్షిణ ప్రాంతాల్లో నిజంగానే ఉంది. అది నా మూడు వలయాలకు అతికినట్టు సరిపోయింది. పరిమాణాల తేడాకు పెద్దదానిలో కులపెద్ద, చిన్నవాటిలో అతని పరివారం అన్నంతవరకు నా ఊహ వెళ్లింది. మూడు గట్టులకూ ఒక్కొక్క చోట తెగిన సందు ఉంటే, బండ్లు తిరిగి పాడైందని రాశాను. నాలుగు పేజీల నివేదిక పంపాను. దాన్ని ఇప్పటికీ చెరిపివేయలేదు, అప్పుడప్పుడు చదువుకోవడానికి ఉంచుకున్నాను.

సర్వేయరు గారు తప్పు అని రాయలేదు. మూడు ప్రశ్నలు మాత్రం రాశారు. వదులు ఇసుకతో వేసిన గట్టు నాలుగువేల ఏళ్ల వానలకు, గుర్రాల డెక్కలకు ఓర్చి ఇంత పదునైన అంచుతో మిగులుతుందా? పాడుచేసిన బండ్లు మూడు గట్టులనూ ఒకే దిక్కున ఎందుకు తెగగొట్టాయి? 1946కు ముందరి చిత్రం చూశారా? మొదటి రెండింటికి ఏదో ఒక జవాబు చెప్పగలిగేవాణ్ణే, నేను ఆ పాటికి నా సిద్ధాంతాన్ని సొంత బిడ్డలా చూసుకుంటున్నాను. మూడోదానికి జవాబు లేదు. స్విండన్ అనే ఊళ్లో, చారిత్రక అవశేషాలను చూసుకునే హిస్టారిక్ ఇంగ్లండ్ అనే సంస్థ వారి భాండాగారం ఉంది, దేశమంతటి పాత విమాన ఛాయాచిత్రాలను అక్కడ దాచారు. మన చదరం హద్దులు చెప్పి దరఖాస్తు పెడితే ఏయే తేదీల చిత్రాలున్నాయో వెతికి జాబితా పంపుతారు. ఆ జాబితాలో 1942 నాటిది ఒకటి ఉంది. చేతికి వచ్చేసరికి ఆరు వారాలైంది.

ఆ చిత్రం చూడడానికి భూతద్దం అక్కరలేకపోయింది. పేడతో అలికిన వాకిట్లో ముగ్గు పెట్టినట్టు మూడు వలయాలు తెల్లగా మెరుస్తున్నాయి. నాలుగోది, అంటే పటంలో పేరున్న దిబ్బ, చుట్టూ ఉన్న హెదర్‌లో కలిసిపోయి దాదాపు నల్లగా ఉంది. హీత్ నేల స్వభావం తెలిస్తే ఈ ఒక్క తేడా చాలు. ఈ నేలలో వాన నీరు పై పొరలోని ఇనుమును కరిగించి కిందికి దించేస్తుంది. పైన పలచని నల్ల మట్టి, దాని అడుగున రంగు వెలిసిన బూడిదవన్నె ఇసుక, ఇంకా కింద తుప్పురంగులో గట్టిపడిన పొర ఉంటాయి. అటువంటి నేలకు వాడే పోడ్జోల్ అనే రష్యన్ మాటకు కూడా బూడిద కిందిది అనే అర్థం. పార వేస్తే అడుగునున్న లేత ఇసుక పైకి వచ్చి ఆకాశం నుంచి తెల్లగా కనిపిస్తుంది, ఏళ్లు గడిచేకొద్దీ హెదర్ మళ్లీ కప్పుకుంటూ దాన్ని నలుపులోకి దించేస్తుంది. 1942లో అంత తెల్లగా ఉన్న గట్టు ఏడాదో రెండేళ్లో ముందు వేసినదే అయి ఉండాలి. 1946 నాటికి ఆ తెలుపు సగం మాసిపోవడంతో నాలుగు వలయాలూ నా కంటికి ఒకే వయసువాటిలా కనిపించాయి.

తెలుపు కంటే నన్ను ఎక్కువగా ఆపినవి దారులు. బండిబాట నుంచి విడివడిన సన్నని తెల్లని గీతలు ఒక్కొక్క వలయం దగ్గరికీ వెళ్లి, నేను పాడైందని రాసిన ఆ సందులోనే ఆగాయి. అవి ద్వారాలు. బాట ఉన్న దిక్కునే మూడింటికీ ద్వారం ఉంది. బాట పక్కన, వలయాలకు కాస్త ఎడంగా, నీడతో సహా ఒక చిన్న దీర్ఘచతురస్రపు పాక కూడా ఉంది. నాలుగో దిబ్బకు ఒక్క దారీ లేదు. గుర్రాల జాడలు దాని పాదం చుట్టూ వంగి పోతున్నాయి, అంతే. బతికున్న మనుషులు రోజూ వచ్చిపోయే చోటికి, ఎవరూ పనిగట్టుకుని వెళ్లని చోటికి మధ్య తేడాను ఆ గీతలు ఇంత సూటిగా చెబుతాయని నేను అనుకోలేదు. అప్పటినుంచి ఏ చిత్రం చూసినా ఆకారం కంటే ముందు దాని దగ్గరికి దారి ఉందా అని చూస్తున్నాను.

ఆ తరువాత పని త్వరగా సాగింది. సౌతాంప్టన్ ఓడరేవు, స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాలు తయారైన వూల్‌స్టన్ కర్మాగారం 1940 శరత్కాలంలో బాంబుదాడులకు గురయ్యాయి. నవంబరు 30, డిసెంబరు 1 రాత్రుల్లో ఊరి నడిబొడ్డు తగలబడింది. అటువంటి నగరాల చుట్టూ, రాత్రిపూట వచ్చే విమానాలను పట్టి చూపడానికి సెర్చ్‌లైటు దళాలను నిలిపారు. ఒక స్థావరంలో దీపం చుట్టూ బాంబు పెంకుల నుంచి కాపాడే గుండ్రటి మట్టిగట్టు, విమానాల చప్పుడు వినే పెద్ద చెవుల వంటి పరికరానికి మరొక చోటు, పైనుంచి కాల్చేవారిని ఎదుర్కోవడానికి లూయిస్ మరతుపాకి ఉంచే చిన్న గుంట, చప్పుడు వినే పరికరానికి రొద అడ్డం కాకుండా దూరంగా నిలిపిన జనరేటరు, సిపాయిల పాక ఉండేవి. నేను కులపెద్దకూ పరివారానికీ పంచిపెట్టిన పది, ఎనిమిది, అయిదు మీటర్ల వ్యాసాలు ఈ ఏర్పాటులో ఇమిడిపోతున్నాయి. ఏ వలయం దేనికోసమో ఒక్కొక్కటిగా తేల్చి చెప్పే దస్తావేజు మాత్రం నాకు దొరకలేదు.

సిగ్గుపడ్డానని ఒప్పుకుంటాను. అయితే ఈ రంగంలో ఇటువంటి పొరపాటు రెండు వైపులా జరుగుతుంది, కొత్తదాన్ని పాతదనుకోవడం ఎంత సులువో, అసలు ఏమీ లేదని దాటిపోవడం కూడా అంతే సులువు. సౌతాంప్టన్‌కు ఎంతో దూరంలో లేని గాస్‌పోర్ట్ దగ్గర బ్రౌన్‌డౌన్ హీత్‌లో, మొదటి ప్రపంచ యుద్ధపు సైనికులు సాధన కోసం ఎదురెదురుగా తవ్విన కందకాల వరుసలు పొదల కింద దశాబ్దాల పాటు ఎవరికీ పట్టకుండా ఉండిపోయాయి. 1951 నాటి ఒక వాయుసేన ఛాయాచిత్రంలో వాటి మెలికలు కనిపించిన తరువాతనే, 2014లో, వాటి సంగతి లోకానికి తెలిసింది. ఆకాశం నుంచి పురావస్తువులను చదివే విద్యకు ఇంగ్లండ్‌లో పునాది వేసినవారిలో ముఖ్యుడు క్రాఫర్డ్. 1886లో బొంబాయిలో పుట్టి, 1920లో ఆర్డినెన్స్ సర్వేకు మొట్టమొదటి పురావస్తు అధికారి అయ్యాడు. ఆ సర్వే కార్యాలయం అప్పటికీ ఇప్పటికీ సౌతాంప్టన్‌లోనే ఉంది. మా ఇంటి నుంచి బస్సులో వెళ్లగలిగే దూరంలో మొదలైన ఒక విద్యలో తప్పటడుగులు వేస్తున్నానన్న ఆలోచన నాకు కొంచెం ఊరట ఇచ్చింది.

చివరికి నేల మీదికి వెళ్లవలసి వచ్చింది. మార్చి నుంచి వేసవి చివరి దాకా ఈ హీత్‌లలో నైట్‌జార్, వుడ్‌లార్క్ వంటి పిట్టలు నేల మీదనే గుడ్లు పెడతాయి కాబట్టి బాట దిగకూడదని అడుగుతారు. అక్టోబరు దాకా ఆగాను. తవ్వడానికి ఎటూ వీల్లేదు, మా చేతిలో ఉన్నవి టేపు, నోట్సు పుస్తకం, కొలతకర్ర. చిత్రంలో అంత స్పష్టంగా ఉన్న వలయం మీద నిలబడి కూడా అది ఎక్కడుందో తెలియక పది నిమిషాలు తచ్చాడాము. కంటి ఎత్తు నుంచి చూస్తే అది కొంచెం ఎక్కువ ఎదిగిన హెదర్, అంతే. కాళ్లకు ముందు తెలిసింది. నడక ఒక్క అడుగు పైకి, ఒక్క అడుగు కిందికి అయినచోట సర్వేయరు గారు ఆగి కర్ర పాతారు. గట్టు శిఖరం నుంచి శిఖరానికి 9.6 మీటర్లు వచ్చింది. ద్వారం ఆగ్నేయానికి ఉంది. పాక ఉన్నచోట నాచు పట్టిన కాంక్రీటు ముక్క ఒకటి గడ్డిలోంచి తొంగిచూస్తోంది. నాలుగో దిబ్బ మాత్రం దూరం నుంచే తెలుస్తోంది, దాని మీద ఒక గోధుమరంగు గుర్రం నిలబడి గాలి వచ్చే వైపు వీపు పెట్టి కునుకు తీస్తోంది.

జిల్లా చారిత్రక అవశేషాల రికార్డుకు పంపిన కొత్త వివరణ అర పేజీ దాటలేదు. మూడు వలయాలు, ఒక పాక జాడ, 1942కు కొద్దికాలం ముందు వేసినవి, సెర్చ్‌లైటు స్థావరం కావచ్చు అని రాశాను. కావచ్చు అన్న మాటను తీసేద్దామా అని అడిగితే ఉంచండి అన్నారు సర్వేయరు గారు. దిబ్బ వివరాలలో నేను చేర్చినది నడుమనున్న గుంట లోతు మాత్రమే. దానికి తూర్పున ఉన్న చదరం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. అందులో హీత్‌కు అడ్డంగా సమాన దూరాల్లో పోయే నిటారు గీతలు అయిదు కనిపిస్తున్నాయి. అవి ఏమిటో నాకు ఒక అభిప్రాయం కలిగింది గాని, ఇంకా ఎక్కడా రాయలేదు. ముందు స్విండన్‌కు దరఖాస్తు పంపాను.